ఒకే బాణీలు, రెండు ముగింపులు: ‘విణ్ణైతాండి వరువాయా’ పాటల్లో ఏముంది?

2010 ఫిబ్రవరి 26న ఒకే దర్శకుడు ఒకే కథతో తీసిన రెండు సినిమాలు ఒకే రోజు థియేటర్లకు వచ్చాయి. శింబు, త్రిష జంటగా తమిళంలో ‘విణ్ణైతాండి వరువాయా’, నాగచైతన్య, సమంత జంటగా తెలుగులో ‘ఏ మాయ చేసావె’. దర్శకుడు గౌతమ్ మీనన్, సంగీతం ఏ.ఆర్. రెహమాన్. రెండింట్లోనూ హీరో పేరు కార్తీక్. దర్శకుడు కావాలని తిరుగుతుంటాడు. హీరోయిన్ జెస్సీ, అతని కంటే వయసులో పెద్దది, అలెప్పీ మూలాలున్న మలయాళీ క్రైస్తవ కుటుంబం అమ్మాయి, తండ్రికి సినిమా వాళ్ళంటే పడదు. ఇంతవరకూ తేడా లేదు. తేడా అంతా చివర్లో ఉంది. తమిళంలో జెస్సీ వేరొకరిని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతుంది. కార్తీక్ తీసిన సినిమాలో ఆ జంట కలుస్తుంది కానీ బయట కలవదు. తెలుగులో మాత్రం ఇద్దరూ ఒకటవుతారు.

సినిమా అభిమానులు ఈ ముగింపుల మీద చాలాకాలం వాదించుకున్నారు. తమిళం చూసినవాళ్ళు అదే అసలు సినిమా అంటారు, తెలుగువాళ్ళు తమ కార్తీక్‌కు జెస్సీ దక్కిందని సంతోషిస్తారు. ఈ గొడవలో పాటల సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఏడు పాటలు, ఏడు బాణీలూ రెండు భాషల్లో అవే. పాడిన గొంతులు కూడా చాలావరకు అవే. విడిపోయే కథకూ కలిసే కథకూ ఒకే సంగీతం ఎలా సరిపోయింది? తమిళంలో తామరై రాసిన మాటలను, తెలుగులో అనంత శ్రీరామ్ రాసిన మాటలను పక్కపక్కన పెట్టి వింటే కొంత జవాబు దొరుకుతుంది. బాణీ కదలలేదు కానీ దాని మీద నిలబడ్డ మనిషి మారాడు. తమిళ పాటల్లోని ప్రేమికుడికి దెబ్బ తగులుతుందని మొదటి నుంచీ తెలిసినట్టుంటుంది. తెలుగు పాటల్లోని ప్రేమికుడు మొదటి నుంచీ వదలనంటూనే ఉంటాడు.

ఈ సినిమాకు ముందు గౌతమ్ మీనన్ పాటలంటే హారిస్ జయరాజ్ పాటలే. 2001లో వచ్చిన ‘మిన్నలే’ (తెలుగులో ‘చెలి’) నుంచి 2008 నాటి ‘వారణం ఆయిరం’ (‘సూర్య సన్నాఫ్ కృష్ణన్’) దాకా ఆ జోడీ నడిచింది. ఆ పాటల్లో చాలావాటికి మాటలు రాసింది తామరై. సంగీత దర్శకుడు మారినా ఆమె మారలేదు. ఇంగ్లీషు ముక్కలు చొప్పించకుండా శుద్ధమైన తమిళంలో రాస్తారని ఆమెకు పేరు. అప్పటికి ఏడాది ముందే రెండు ఆస్కార్లు అందుకున్న రెహమాన్ మీద అంచనాలు ఎంత ఉండేవో చెప్పనక్కర్లేదు. తెలుగు వైపు చూస్తే ఇంకో విశేషం ఉంది. మన దగ్గర రెహమాన్ పాటలు ఎక్కువగా డబ్బింగ్ దారిలోనే వచ్చాయి. ‘రోజా’కు రాజశ్రీ, ‘బొంబాయి’, ‘సఖి’లకు వేటూరి రాశారు. ‘సూపర్ పోలీస్’, ‘నాని’ లాంటి నేరుగా తెలుగులో తీసిన సినిమాలు ఆయన చేసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

డబ్బింగ్ పాట రాయడం వేరు, ఇది వేరు. డబ్బింగ్‌లో తెర మీద పెదాలు ముందే కదిలిపోయి ఉంటాయి. తమిళ నటుడు పెదాలు మూసిన చోట ప, బ, మ లాంటి అక్షరం పడేలా చూసుకోవాలి. అర్థం కంటే ముందు ఆ లెక్క కుదరాలి. అంత ఇరుకులోనూ వేటూరి ఎన్ని మంచి పాటలు రాశారో అందరికీ తెలుసు. ‘ఏ మాయ చేసావె’ను తెలుగు నటులతో విడిగా తీశారు కాబట్టి అనంత శ్రీరామ్‌కు ఆ పెదాల బాధ లేదు. ఆయనను కట్టేసింది బాణీ ఒక్కటే. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. తామరై మాటలను అనువదించాల్సిన అవసరం లేకపోవడంతో చాలాచోట్ల సందర్భాన్ని మాత్రం తీసుకుని కొత్త పాట రాసుకున్నారు. రెండు పాఠాల మధ్య పోలిక ఆసక్తిగా ఉండేది అందుకే.

మొదట ‘హోసన్నా’. ఆల్బమ్‌లో అందరి నోళ్ళలో ఎక్కువగా నానిన పాట ఇదే. విజయ్ ప్రకాశ్ గొంతు, వెనకాల సుజానే డిమెలో హమ్మింగ్, బ్లేజ్ ర్యాప్. హోసన్నా అనేది హీబ్రూ నుంచి వచ్చిన స్తుతి మాట. మట్టల ఆదివారం నాడు చర్చికి వెళ్ళే తెలుగు క్రైస్తవులకు బాగా పరిచయం. ప్రార్థన మాటను ప్రేమ పాటకు ఎత్తుకోవడం దక్షిణాదిలో పెద్దగా గొడవ కాలేదు. ఇదే కథ 2012లో ‘ఏక్ దీవానా థా’ పేరుతో హిందీలోకి వెళ్ళినప్పుడు మాత్రం ముంబైలో కొన్ని క్రైస్తవ సంస్థలు అభ్యంతరం చెప్పాయి. నిజానికి కథలో ఆ మాటకు గట్టి కారణమే ఉంది. హిందువైన కుర్రాడు చర్చికి వెళ్ళే అమ్మాయిని చూసి వెర్రెత్తిపోయాడు. తన ఆనందానికి ఆమె గుడి మాటనే వాడుకుంటున్నాడు. ఆమె కుటుంబం ఈ పెళ్ళికి ఒప్పుకోకపోవడానికి ఆ గుడే కారణం. పాట అంత హుషారుగా ఉన్నా దాని మధ్యలో అడ్డుగోడ ఉంది.

ఇక మాటలు. తమిళ పాటలో హీరో, నా గుండెను ముక్కలు ముక్కలుగా ఎందుకు పగలగొట్టావని అడుగుతాడు. వెంటనే, ఇంకో గుండె ఇస్తాను, అదీ పగలగొట్టుకో అంటాడు. ఆ అమ్మాయితో పరిచయం కూడా సరిగా కాలేదు, అప్పుడే పగలడం గురించి మాట్లాడుతున్నాడు. పైగా రెండోసారి పగలడానికి సిద్ధపడుతున్నాడు. తెలుగులో అదే చోట, అదే స్వరాల మీద, గుండె పగలదు, కరుగుతుంది. కరిగించి వెళ్ళిపోవద్దని బతిమాలతాడు. ఇంకో గుండె అన్న ఊహ తెలుగులోనూ ఉంది, కానీ ఆ రెండో గుండె పగలడానికి కాదు, నిన్ను వదలను అని చెప్పడానికి. ఒక్క క్రియ మారేసరికి మనిషి స్వభావమే మారిపోయింది. తమిళ కార్తీక్ దెబ్బ తినడానికి ఒళ్ళప్పగించాడు, తెలుగు కార్తీక్ కొంగు పట్టుకున్నాడు.

ఇదంతా ముందే కూర్చుని వేసిన ప్లాన్ అనాల్సిన పని లేదు. పాటలు రాయించే హడావుడిలో ట్యూన్‌కు ఏ మాట బాగా కూర్చుంటే అది పడుతుంది. అయినా ఒకే దిశలో ఇన్ని పాటలు ఒరిగాయంటే దాన్ని కాకతాళీయం అని వదిలేయడం కూడా కష్టమే.

దేవన్ ఏకాంబరం, చిన్మయి పాడిన పాట చూడండి. తమిళంలో అది ‘అన్బిల్ అవన్’. మొదటి మాటలే చర్చిలో పెళ్ళి జరిపించేటప్పుడు వినిపించే బైబిల్ వాక్యాన్ని గుర్తుకు తెస్తాయి. దేవుడు జతపరచినవారిని మనుషులు వేరుపరచకూడదు అనే వాక్యం అది. ప్రేమతో ఆయన కలిపిన దాన్ని ద్వేషించకండి మనుషులారా అని పాట మొదలవుతుంది. కాబట్టి ఆ పాట ప్రేమికులు ఒకరితో ఒకరు చెప్పుకునేది మాత్రమే కాదు, ఊరందరితో చేసుకునే మనవి. ఒప్పుకోని తండ్రి, అన్న, చర్చి, ఇరుగుపొరుగు, అందరూ ఆ పాటలో శ్రోతలే. సంతోషంగా సాగే బాణీలో ఇంత భయం దాచడం తామరై నేర్పు.

తెలుగులో అది ‘మనసా’ అయింది. ఇక్కడ హీరో మాట్లాడేది తన మనసుతో. మళ్ళీ మళ్ళీ చూశాను, గిల్లి గిల్లి చూసుకున్నాను, జరిగింది నిజమే, నమ్మేశాను అంటాడు. బైబిల్ లేదు, మనుషులకు హెచ్చరిక లేదు. చేతికి చిక్కిన అదృష్టాన్ని నమ్మలేక తనను తాను గిల్లుకుంటున్న కుర్రాడు ఉన్నాడు. వినడానికి తెలుగు పాటే తేలిగ్గా, హాయిగా ఉంటుంది. గిల్లి చూసుకోవడం అనేది మన ఇళ్ళలో రోజూ వినే మాట, నోటికి సులువుగా పట్టేస్తుంది. కానీ జెస్సీ ప్రపంచం కొంత తెలుగులో జారిపోయిందన్నది కూడా ఒప్పుకోవాలి. ఆమె మతం, ఆమె ఇల్లు, పెళ్ళి చుట్టూ ఉన్న టెన్షన్ తమిళ పాటలో పదాల్లోనే ఉన్నాయి. తెలుగులో వాటిని తెర మీద బొమ్మ చూసి తెలుసుకోవాలి.

బెన్నీ దయాళ్ పాడిన ‘ఓమన పెణ్ణే’ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. తమిళ హీరో ఆ అమ్మాయిని ఆమె భాషలోనే ముద్దుగా పిలుస్తాడు. తమిళుడికి మలయాళం సగం అర్థమవుతుంది, సగం వింతగా ఉంటుంది. పక్క రాష్ట్రం అమ్మాయి మీద మోజు ఆ పిలుపులోనే వినిపిస్తుంది. పాటలో కల్యాణి మీనన్ పాడిన భాగం దాన్ని కేరళ వైపు ఇంకొంచెం లాగుతుంది. (‘అలైపాయుదే’ పాట పాడిన గొంతుల్లో ఆమెదీ ఒకటి. కేరళలో పుట్టి చెన్నైలో స్థిరపడిన గాయని, 2021లో కన్నుమూశారు.) తెలుగులో పిలుపు ‘కుందనపు బొమ్మ’ అయింది. బాపు బొమ్మ, బంగారు బొమ్మ అని అందాన్ని బొమ్మతో పోల్చడం మనకు పాత అలవాటే. కల్యాణి మీనన్ గొంతు తెలుగులోనూ ఉంది. పిలుపు మాత్రం కేరళ నుంచి గోదావరి ఒడ్డుకు వచ్చేసింది. మలయాళం తమిళుడికి ఇచ్చే ఆ సగం దగ్గరితనం తెలుగువాడికి ఇవ్వదు కాబట్టి మార్చడమే సరైన పని. ‘ఓమన’ అని అలాగే ఉంచి ఉంటే అర్థం కాక బయటే నిలబడి వినాల్సి వచ్చేది.

నరేశ్ అయ్యర్ పాడిన ‘కణ్ణుక్కుళ్ కణ్ణై’, గాయకుడు కార్తీక్ పాడిన టైటిల్ పాట గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మొదటిది పరుగెత్తే పాట. కళ్ళల్లో కళ్ళు పెట్టి చూస్తూనే కాదు కాదు అన్నావు అనే ఫిర్యాదుతో మొదలవుతుంది, జెస్సీ స్వభావాన్ని ఒక్క వాక్యంలో పట్టేస్తుంది. టైటిల్ పాట నెమ్మదైనది, బాగుంటుంది, కానీ దాని పక్కనున్న పాటలు దాన్ని కప్పేశాయి.

ఈ ఏడు పాటల్లో మాట్లాడేది ఎవరు అని చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మూడు పాటలు పూర్తిగా మగ గొంతులవే. ‘హోసన్నా’లో ఆడగొంతు హమ్మింగ్‌లా వెనక తిరుగుతుంది. జెస్సీ తన తరఫున తాను నోరు విప్పేది ప్రధానంగా రెండు పాటల్లో. కథకు ఇది సరిపోయింది. ఎందుకంటే జెస్సీ ఏమనుకుంటుందో కార్తీక్‌కు తెలియకపోవడమే ఈ సినిమా. ఇవాళ అవునంటుంది, రేపు కాదంటుంది. ప్రేక్షకుడు కూడా కార్తీక్ చెవులతోనే వింటాడు. ఒక విశేషం ఏమిటంటే తమిళంలో త్రిషకు, తెలుగులో సమంతకు డబ్బింగ్ చెప్పింది చిన్మయే. అంటే రెండు రాష్ట్రాల జెస్సీలూ ఒకే గొంతుతో మాట్లాడారు. సమంతకు ఆ గొంతు ఎంతగా అతుక్కుపోయిందంటే తర్వాత చాలా ఏళ్ళు తెలుగువాళ్ళకు అది సమంత గొంతే. అలాంటి చిన్మయి పాడింది సంతోషపు పాట. బాధ చెప్పే పాట శ్రేయా ఘోషాల్‌కు వెళ్ళింది. రోజూ మాట్లాడే గొంతు ఒకటి, లోపలి మనిషి గొంతు ఇంకొకటి అన్నట్టు.

ఆ బాధ చెప్పే పాటే ‘మన్నిప్పాయా’. ఆల్బమ్‌లో తలమానికం అదే. శ్రేయా ఘోషాల్ నెమ్మదిగా ఎత్తుకుంటుంది, ఆమెకు జవాబుగా వచ్చే గొంతు రెహమాన్‌ది. జెస్సీ తనను కడలిలోని చేపతో పోల్చుకుంటుంది. నీ కోసం ఒడ్డు దాటి వచ్చాను, నేల మీద విలవిల్లాడాను, మళ్ళీ నా కడలికే వెళ్ళిపోయాను. నాలుగు ముక్కల్లో సినిమా కథంతా అయిపోయింది, ముగింపుతో సహా. ఒకరోజు నవ్వాను, మరునాడు అసహ్యించుకున్నాను, నిన్ను చంపకుండానే చంపి పాతిపెట్టాను, క్షమిస్తావా అని అడుగుతుంది. అంతవరకూ కార్తీక్ పాటలు విని జెస్సీ మీద కోపం తెచ్చుకున్న ప్రేక్షకుడికి ఇక్కడ మొదటిసారి ఆమె వైపు నుంచి కథ తెలుస్తుంది. చేపకు కడలి ద్రోహం కాదు, ఊపిరి. ఆమెకు ఇల్లు అలాంటిది. ఇంత న్యాయంగా హీరోయిన్ తరఫున వాదించిన పాటలు మన సినిమాల్లో తక్కువ.

తర్వాత కోరస్‌లో తిరుక్కురళ్ వస్తుంది. తిరువళ్ళువర్ రాసిన ప్రాచీన తమిళ గ్రంథం అది, అందులోని రెండు పాదాల పద్యాన్ని కురళ్ అంటారు. ప్రేమను మూసిపెట్టే గడియ ఉందా, ప్రేమించినవాళ్ళ కన్నీళ్ళే దాన్ని బయటపెట్టేస్తాయి అనే 71వ కురళ్. ప్రేమ లేనివాళ్ళు అన్నీ తమవే అనుకుంటారు, ప్రేమ ఉన్నవాళ్ళ ఎముకలు కూడా ఇతరులవే అనే 72వ కురళ్. ఈ రెండూ ప్రేమ గురించి చెప్పే ఎనిమిదో అధ్యాయంలోవి. వీటితో పాటు కామం భాగం నుంచి 1259వ కురళ్. అలిగి ఉందామనుకుని వెళ్ళాను, మనసు అతనితో కలిసిపోవడం చూసి కౌగిలించుకున్నాను అని ఒక స్త్రీ చెప్పే మాట అది. ఆ అధ్యాయం పేరే నిగ్రహం చెడిపోవడం. తిరువళ్ళువర్ స్త్రీ, జెస్సీ ఒకే ఇబ్బందిలో ఉన్నారు. ఇద్దరూ వద్దు అనుకునే వెళ్ళారు. ప్రతి తమిళుడూ బడిలో వల్లెవేసిన పద్యాలు హఠాత్తుగా ఒక అమ్మాయి ఏడుపులో వినిపించేసరికి ఆ పాట వాళ్ళకు ఎంత లోతుగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు. మనకు వేమన పద్యమో, భాగవతంలో పోతన పద్యమో ఇలా రెహమాన్ బాణీలో వినిపిస్తే ఎలా ఉంటుంది?

తెలుగులో ఈ పాట ‘వింటున్నావా’. శ్రేయతో పాటు పాడింది గాయకుడు కార్తీక్. ఇక్కడా జెస్సీ క్షమాపణ అడుగుతుంది, కానీ మొదట్లోనే, ఒక్కసారే. నీ పేరును పెదవుల అంచుల్లోనే అణచుకున్నాను, మౌనంతో నీ మనసును కట్టేశాను, మన్నించు అంటుంది. ఆమె ఒప్పుకున్న తప్పు నోరు విప్పకపోవడం. చంపి పాతిపెట్టడమంత పెద్దది కాదు. దాన్ని దిద్దుకోవడం కూడా సులువే, నోరు విప్పితే చాలు. వెంటనే విప్పుతుంది. ఈ జన్మ నీదని అంటున్నాను, వింటున్నావా అని. తమిళ జెస్సీ వెళ్ళిపోయాక వెనక్కి తిరిగి మాట్లాడుతోంది. తెలుగు జెస్సీ వచ్చి ఎదురుగా నిలబడి మాట్లాడుతోంది. ఒకే స్వరం మీద ఒకచోట వీడ్కోలు, ఇంకోచోట ఒప్పుకోలు.

కురళ్ ఉన్న చోట అనంత శ్రీరామ్ ఏం చేయాలి? తెలుగులో దానికి సరిగ్గా సమానమైనది లేదు. వేమనను తెచ్చి పెడితే అతికించినట్టు ఉండేది. ఆయన సంస్కృత పదాల వైపు వెళ్ళారు. ప్రేమ ఆకాశం కంటే ముందుది, భూమి కంటే వెనకటిది, కాలంతో పుట్టింది, కానీ కాలంలా మారే మనసు లేనిది అని నిర్వచనం ఇచ్చారు. కోరస్ గాంభీర్యానికి ఆ పదాల బరువు సరిపోయింది. పద్యం చదివినట్టే ఉంటుంది. అయితే చెప్పిన విషయం పూర్తిగా వేరు. కురళ్ ప్రేమను మనిషి పడే పాట్ల నుంచి చూస్తుంది. కన్నీళ్ళు, ఎముకలు, అలక, కౌగిలి. తెలుగు కోరస్ దాన్ని ఆకాశమంత ఎత్తు నుంచి చూస్తుంది. మారడం తెలియనిది ప్రేమ అన్నాక ఇక జెస్సీ తిరిగి రాకుండా ఎలా ఉంటుంది? తమిళ ముగింపు ముందు ఆ కోరస్ పెడితే అబద్ధంలా వినిపిస్తుంది. తెలుగు ముగింపుకు అది పునాది.

కవిత్వంగా చూస్తే ఈ పాటలో తామరైది పైచేయి. చేప పోలిక ముందు పెదవుల అంచుల్లో దాచిన పేరు కాస్త పాత ఊహే. కానీ పాడుకోవడానికి తెలుగు మాటలు వచ్చినంత సుఖం తక్కువ పాటల్లో వస్తుంది. తెలుగు మాటలు అచ్చులతో ముగుస్తాయి. శ్రేయ ఒక స్వరాన్ని సాగదీసినప్పుడు నోరు తెరుచుకునే ఉంటుంది, ‘వింటున్నావా’ అనే పల్లవి మాట రెండుసార్లు తిరిగి వచ్చేటప్పుడు ఆ సాగుదల అడిగినట్టే వినిపిస్తుంది. పదిహేనేళ్ళు దాటినా కాలేజీ ఫంక్షన్లలో, టీవీ పాటల పోటీల్లో అమ్మాయిలు ఇంకా ఎంచుకునే పాట ఇది. పాడితే గొంతు తేలిపోతుందని తెలిసి కూడా ఎంచుకుంటారు.

మిగిలింది ‘ఆరోమలే’. రెండు సినిమాల్లోనూ మారనిది ఇదొక్కటే. అల్ఫోన్స్ జోసెఫ్ పాడారు. ఆయన స్వయంగా మలయాళ సంగీత దర్శకుడు. రాసింది మలయాళ గీత రచయిత కైతప్రం. గిటార్ ఒంటరిగా మొదలై మెల్లగా రాక్ పాట అంత గోల చేసి మళ్ళీ తగ్గుతుంది. అర్థం తెలియని తెలుగు, తమిళ కుర్రాళ్ళు దీన్ని విరహ గీతంగానే విన్నారు, ఆ కేక అలా ఉంటుంది మరి. మాటలు చూస్తే అది పెళ్ళి పాట. కొండెక్కి వచ్చే గాలిని కొత్త పెళ్ళికొడుకుగా ఊహిస్తుంది. ఆ గాలి చర్చి మేడను తాకి, శిలువకు మొక్కి వస్తుంటే మలయాళ నేల అతనికి మనస్సమ్మతం చెబుతుంది. మనస్సమ్మతం అంటే కేరళ క్రైస్తవుల్లో పెళ్ళికి ముందు చర్చిలో వధూవరులు తమ ఒప్పుదల తెలిపే తంతు. చివరకు శుభముహూర్తం, సుమంగళీ భవ అనే దీవెనలు కూడా ఉన్నాయి.

అమ్మాయి కోసం అలెప్పీ దాకా వెళ్ళిన కుర్రాడి కథలో, ఆమె ఊరి భాషలో, ఆమె చర్చి తంతుతో ఒక పెళ్ళి పాట ఉంది. దాన్ని పాడే గొంతులో మాత్రం సంతోషం లేదు. తమిళ సినిమాలో ఆ పెళ్ళి జరుగుతుంది, పెళ్ళికొడుకు వేరొకడు. తెలుగులో పెళ్ళికొడుకు కార్తీకే. కైతప్రం మాటల్లో పెళ్ళికొడుకు పేరు లేదు, గాలి అని మాత్రమే ఉంది. అందుకే రెండు సినిమాలకూ ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు.